కోర్టు రికార్డుల కంప్యూటర్ ఖర్చు కేసు వేసేవాళ్ళ ఫీజులోంచి తీయడం సరైనదేనా?

ముందు ప్రశ్న క్లుప్తంగా: మీరు టెక్సాస్‌లో ఉంటారు. జిల్లా కోర్టులో సివిల్ కేసు వేయడానికి 350 డాలర్లు కట్టారు. అందులో కొంత భాగం రికార్డుల నిర్వహణకు పోతుందని క్లర్క్ ఆఫీసులో చెప్పారు. ఇప్పుడు మీ కౌంటీ బడ్జెట్ హియరింగ్‌లో కొత్త కోర్టు సాఫ్ట్‌వేర్‌కి కూడా ఆ డబ్బే వాడదామంటున్నారు. ఇది సరైన పద్ధతేనా, ఆ డబ్బు సరిపోతుందా, నిజంగా అక్కడే ఖర్చవుతోందని ఎలా తెలుసుకోవాలి, మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎలా చేస్తారు అని అడిగారు.

నేను టెక్సాస్‌లో క్లర్క్ ఆఫీసుల రికార్డుల పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. పాత పుస్తకాల స్కానింగ్ కాంట్రాక్టులు, సాఫ్ట్‌వేర్ మార్పిడి, వాటికి బడ్జెట్ తయారుచేయడం నా పని. లాయర్ని కాదు, కాబట్టి మీ కేసు గురించి ఏమీ చెప్పను. డబ్బు సంగతి మాత్రం దగ్గర నుంచి చూశాను.

సూటిగా చెప్పాలంటే: ఒకసారి చేస్తే అయిపోయే పనికి ఈ ఫీజు చక్కగా పనికొస్తుంది. ఎప్పటికీ అయిపోని పనికి పనికిరాదు. పాత రికార్డులు బాగుచేయించడం, వాటిని స్కాన్ చేయించడం మొదటి రకం. ఏటేటా కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు, సర్వర్లు, సైబర్ భద్రత, వాటిని చూసుకునే మనిషి జీతం రెండో రకం. మీ కౌంటీ ఈ రెంటినీ ఒకే ఖాతాలో పెడుతోంది. హియరింగ్‌కి వెళ్ళి గట్టిగా అడగాల్సింది దాని గురించే.

ఇక ఆ 350 ఎక్కడికి పోతుందో చూద్దాం. టెక్సాస్ శాసనసభ 2021లో ఎస్‌బీ 41 అనే చట్టం చేసింది. అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఒక్కో కౌంటీలో ఒక్కో మొత్తం ఉండేది, రసీదులో చిన్న చిన్న ఫీజుల పేర్లు వరసగా ఉండేవి. ఆ చట్టం వాటన్నిటినీ రెండు ముద్దలుగా చేసింది: జిల్లా కోర్టులో కొత్త సివిల్ కేసు వేస్తే రాష్ట్రానికి 137 డాలర్లు, కౌంటీకి 213 డాలర్లు. కౌంటీ వాటాని మళ్ళీ ఏ ఖాతాకి ఎంత శాతం వేయాలో చట్టమే రాసిపెట్టింది. రికార్డుల నిర్వహణ, భద్రత ఖాతాకి 14.0845 శాతం. అంటే సరిగ్గా 30 డాలర్లు. క్లర్క్ ఆఫీసు ఖాతాకి 50, లా లైబ్రరీకి 35, విచారణలో మాటలన్నీ రాసుకునే కోర్టు రిపోర్టర్‌కి 25, కోర్టు భవనం భద్రతకి 20, ఇలా మిగతావి. ఇంగ్లీషు రానివాళ్ళకి దుబాసీలను పెట్టే భాషా సహాయ నిధికి 3 డాలర్లు. మన పెద్దవాళ్ళు ఎవరైనా కోర్టుకి వెళ్ళాల్సి వస్తే అక్కరకొచ్చేది అదే.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. 350లో రెండు 30 డాలర్లు ఉన్నాయి. ఒకటి పైన చెప్పిన కౌంటీ రికార్డుల ఖాతాకి వెళ్ళేది. ఇంకొకటి రాష్ట్ర వాటా 137లో ఉంది. అది రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కి వెళ్ళి, రాష్ట్రమంతటికీ ఉన్న ఈ-ఫైలింగ్ (కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే) వ్యవస్థకి ఖర్చవుతుంది. మీ కమిషనర్లలో ఎవరైనా "ఈ-ఫైలింగ్ ఫీజు వస్తోంది కదా, దాంతో మన సాఫ్ట్‌వేర్ కొందాం" అంటే అది పొరపాటు. ఆ డబ్బులో పైసా కూడా కౌంటీ చేతికి రాదు.

ఈ-ఫైలింగ్ ఎలా వచ్చిందో తెలిస్తే ఇప్పటి ఇబ్బంది కూడా అర్థమవుతుంది. టెక్సాస్ సుప్రీంకోర్టు 2012 చివర్లో సివిల్ కేసులన్నిటికీ లాయర్లు ఈ-ఫైలింగ్ చేయాల్సిందేనని ఆదేశించింది. పెద్ద కౌంటీలకు 2014 జనవరి నుంచి, 20,000 జనాభా కూడా లేని చిన్న కౌంటీలకు 2016 జూలై నుంచి అమలు. అంతకుముందు కాగితం కాగితానికి, పంపిన ప్రతిసారీ టోల్ గేటులా రుసుము కట్టేవారు. 2013లో ఆ పద్ధతి తీసేసి, కేసు వేసేటప్పుడే ఒకసారి కట్టేలా మార్చారు. కేసు నడిపేవాళ్ళకి ఇది చాలా మేలు చేసింది. కౌంటీ వైపు మాత్రం ఒక కొత్త బరువు పడింది. కాగితం వచ్చే రోజుల్లో బీరువా కొంటే సరిపోయేది. పీడీఎఫ్‌లు రావడం మొదలయ్యాక వాటిని దాచే వ్యవస్థకి ఏటా డబ్బు కట్టాల్సిందే, ఏ ఏడాదీ ఆపడానికి వీల్లేదు.

కేసు ఫీజు డబ్బుని కౌంటీ రోడ్లకో, జైలుకో మళ్ళించకూడదా? కూడదు. దానికి వెనక బలమైన తీర్పు ఉంది. టెక్సాస్ రాజ్యాంగంలో, హాని జరిగిన ప్రతి మనిషికీ కోర్టు తలుపులు తెరిచి ఉండాలని చెప్పే నిబంధన ఉంది. 1986లో లెక్రాయ్ వర్సెస్ హాన్లన్ కేసులో, జిల్లా కోర్టు ఫీజులో 40 డాలర్లు రాష్ట్ర సాధారణ ఖజానాకి పోవడం ఆ నిబంధనకి విరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టుకి వచ్చినవాడి దగ్గర కోర్టు పనికోసం వసూలు చేయవచ్చు, మామూలు ప్రభుత్వ ఖర్చులకోసం చేయకూడదు, అదీ సారాంశం. క్రిమినల్ కేసుల్లో కూడా 2017లో సలీనస్ కేసులో అక్కడి అత్యున్నత క్రిమినల్ కోర్టు, న్యాయ వ్యవస్థతో సంబంధం లేని రెండు పద్దులకి వెళ్ళే వసూళ్ళని కొట్టేసింది. అందుకే మీ 30 డాలర్లు విడిగా ఒక ఖాతాలో కూర్చుంటాయి. వాటిని రికార్డుల నిర్వహణ, భద్రతకే వాడాలి. అందులో ఆటోమేషన్ కూడా వస్తుంది. కమిషనర్స్ కోర్టు (పేరు కోర్టే కానీ అది కౌంటీని నడిపే పాలకమండలి) బడ్జెట్‌లో ఆమోదించాలి.

ఆ "ఆటోమేషన్" దగ్గరే గొడవ మొదలవుతుంది. చట్టం దృష్టిలో సాఫ్ట్‌వేర్ కొనడం తప్పు కాదు. తెలివైన పని అవునా కాదా అనేది వేరే ప్రశ్న.

ముందు ఈ ఫీజు దేనికి పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే నాకు ఇందులో ఎక్కువ ఇష్టమైన భాగం అదే. టెక్సాస్‌లో కొన్ని కౌంటీల రికార్డులు 1836-45 మధ్య అది స్వతంత్ర దేశంగా ఉన్ననాటి నుంచీ ఉన్నాయి. చేత్తో రాసిన కోర్టు మినిట్స్, భూముల తగాదాలు, పౌరసత్వం కోసం పెట్టుకున్న అర్జీలు, బానిసలుగా ఉన్నవాళ్ళ పేర్లు ఆస్తుల జాబితాలో రాసిన కాగితాలు. ఎవరి ముత్తాత ఎవరో తెలుసుకోవడానికి కొన్ని కుటుంబాలకి మిగిలిన ఒకే ఒక ఆధారం అవి. అప్పటి సిరాలో ఇనుము ఉంటుంది. అది ఏళ్ళు గడిచేకొద్దీ అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తుంది. కాగితంలోని ఆమ్లం వల్ల అంచులు అప్పడంలా విరుగుతాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే చిరిగిన చోట సెల్లోటేపు అంటించి ఉంటారు, దాని జిగురు పచ్చగా మారి పేజీనే పట్టేస్తుంది. మధ్యలో కొన్ని దశాబ్దాలు పేజీలని ప్లాస్టిక్ పొరతో వేడిగా అతికించే పద్ధతి నడిచింది. ఇప్పుడు ఆ పొరని ఊడదీయడమే పెద్ద పని. పాత మైక్రోఫిల్మ్ డబ్బా మూత తీస్తే పుల్లగా వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము కుళ్ళుతోందని అర్థం, పక్క రీళ్ళకి కూడా పాకుతుంది.

ఇలాంటివి కాపాడటానికి 2009లో శాసనసభ జిల్లా కోర్టు రికార్డుల ఆర్కైవ్ ఫీజు అని ఒకటి పెట్టింది. కేసుకి 5 డాలర్లకి మించకుండా, కౌంటీ కోరుకుంటేనే. 2013లో దాన్ని 10 వరకు పెంచుకోనిచ్చారు, అది కూడా 2019 వరకు అని గడువు పెట్టి. ఆ పాత పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, డిస్ట్రిక్ట్ క్లర్క్ ప్రతి ఏడాదీ రాతపూర్వకంగా ఒక ప్రణాళిక ఇవ్వాలి: ఏ పుస్తకాలు, ఏ స్థితిలో ఉన్నాయి, ఈ ఏడాది ఏవి బాగుచేయిస్తాం. దాని మీద బహిరంగ విచారణ జరగాలి. అంటే డబ్బుకి పని ముడిపడి ఉండేది, పనికి అంతం ఉండేది.

నేను పనిచేసిన ఒక చిన్న కౌంటీలో ఇది ఎంత బాగా నడిచిందో చెబుతాను. క్లర్క్‌గా ఉన్నావిడ ప్రతి పుస్తకాన్నీ తీసి చూసి, బాగా పాడైనవి ముందు, గట్టిగా ఉన్నవి చివర అని వరస రాసింది. ఏటా ఖాతాలో ఎంత పడితే అంతకి సరిపడా పుస్తకాలు పంపేది. కుట్లు విప్పి, పేజీలు శుభ్రం చేసి, ఆమ్లం తీసి, ఒక్కో పేజీని పారదర్శకమైన పాలిస్టర్ కవర్లో పెట్టి, స్కాన్ చేసి, మళ్ళీ బైండు చేసి పంపేవారు. వసూళ్ళు తగ్గిన ఏడాది తక్కువ పుస్తకాలు వెళ్ళేవి, అంతే. పని ఆలస్యమైంది కానీ ఏదీ కూలిపోలేదు. చివరికి వరస పూర్తయింది. ఫీజు డబ్బుతో చేయాల్సిన పని ఇలా ఉంటుంది.

దాదాపు అంతే పెద్దదైన ఇంకో కౌంటీలో కేసుల సాఫ్ట్‌వేర్ వార్షిక లైసెన్సు మొత్తం ఇదే ఖాతా మీద వేశారు. మొదట్లో హాయిగా ఉంది, ప్రాపర్టీ టాక్స్ మీద భారం పడలేదు కదా. 2020లో కోవిడ్ వచ్చింది, కోర్టులు మూతపడ్డాయి, కొత్త కేసులు తగ్గాయి. లైసెన్సు బిల్లు తగ్గలేదు, పైగా ఒప్పందం ప్రకారం పెరిగింది. ఖాతాలో ఉన్నదంతా దానికే పోయింది. బాగుచేయించడానికి సిద్ధం చేసిన పుస్తకాలు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇందులో దొంగతనం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. చీటీ పాట పాడి వచ్చిన డబ్బుతో ఇంటి పైకప్పు వేయించుకోవచ్చు, నెలనెలా కరెంటు బిల్లు కట్టలేం. అక్కడ జరిగింది అదే.

కమిషనర్లు ఎందుకు ఇలా చేస్తారో కూడా అర్థం చేసుకోవాలి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కౌంటీలు ఎక్కువగా ప్రాపర్టీ టాక్స్ మీదే నడుస్తాయి. 2019 చట్టం తర్వాత ఆ పన్ను రాబడిని ఏటా 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లని అడగాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఎవరి పన్నూ పెంచకుండా చేతికి దొరికే ఖాతా అందరికీ ఆకర్షణగా కనిపిస్తుంది. వాళ్ళ ఇబ్బంది నిజమే. కానీ ఆ ఖాతా పెరగడం ఇప్పుడు కౌంటీ చేతిలో లేదు. 2022 నుంచి ఫీజు రాష్ట్రమంతా ఒకటే, కౌంటీ ఒక డాలర్ కూడా పెంచుకోవడానికి వీల్లేదు. శాసనసభ మార్చేదాకా 30 అంటే 30. సాఫ్ట్‌వేర్ కంపెనీ మాత్రం ఏటా ధర పెంచుతుంది. ఒకవైపు కదలని ఆదాయం, ఇంకోవైపు పెరిగే ఖర్చు. ఎన్నేళ్ళలో లోటు వస్తుందో కాగితం మీద ఎవరైనా లెక్క వేయగలరు.

సరిపోతుందా అనేది మీ కౌంటీ ఎంత పెద్దదో చూసి చెప్పాలి. టెక్సాస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 47 లక్షల మంది, లవింగ్ కౌంటీలో 64 మంది. ఉదాహరణకి ఏడాదికి 40,000 కొత్త సివిల్ కేసులు పడే చోట 30 చొప్పున 12 లక్షల డాలర్లు. 300 కేసులు పడే చోట 9,000 డాలర్లు. ఆ తొమ్మిది వేలతో ఒక మంచి స్కానర్ కొని ఏడాది నిర్వహణ ఒప్పందం చేసుకుంటే ఖాతా ఖాళీ. కానీ చట్టం చెప్పే బాధ్యతలు రెండు చోట్లా ఒకటే. ఎవరి సీల్ వేసిన ఫైలైనా బయటపడకూడదు, దత్తత కాగితాలు గుట్టుగా ఉండాలి, సోషల్ సెక్యూరిటీ నంబర్లు కనిపించకూడదు. 8,000 జనాభా లోపు కౌంటీల్లో జిల్లా క్లర్క్, కౌంటీ క్లర్క్ ఇద్దరి పనీ సాధారణంగా ఒక్కరే చేస్తారు. ఆ ఒక్కరికి ఐటీ మనిషి కూడా ఉండడు.

పైగా ప్రతి కేసూ 350 తేదు. గృహహింస నుంచి రక్షణ ఉత్తర్వు కోరేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోరు, తీసుకోకూడదు కూడా. స్థోమత లేనివాళ్ళకి మినహాయింపు ఉంది, దాని గురించి కింద చెబుతాను. క్రిమినల్ కేసుల్లో ముందు కట్టే ఫీజే లేదు. 2020 నుంచి ఫెలనీలో (తీవ్రమైన నేరంలో) శిక్ష పడితే స్థానిక వసూలు 105 డాలర్లు, అందులో రికార్డులకి 25, కోర్టు టెక్నాలజీ నిధికి 4. శిక్ష పడితేనే, అదీ వాళ్ళు కట్టగలిగితేనే. జైల్లో గడిపిన రోజులకి దాన్ని జమకట్టడం కూడా జరుగుతుంది. మరి ఎక్కువకాలం జాగ్రత్తగా దాచాల్సిన ఫైళ్ళు ఏవంటే ఆ ఫెలనీ ఫైళ్ళే. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో నిర్దోషి అని నిరూపించడానికి అందులోని ఒక కాగితం కావాల్సి రావచ్చు. దాన్ని కాపాడే ఖర్చుని ఫీజుల మీద వదిలేయడం నా దృష్టిలో అన్యాయం. అది ఊరందరి బాధ్యత.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకి. అపార్ట్‌మెంట్ డిపాజిట్ తగాదాలు, 20,000 డాలర్ల లోపు బాకీలు అక్కడే. అక్కడ ఫీజు 54 డాలర్లు. అందులో రికార్డులకంటూ విడిగా ఖాతా లేదు, ఆ కోర్టుకి మద్దతుగా 25 డాలర్లు వెళ్ళే ఒక నిధి మాత్రం ఉంది. ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు రిజిస్టర్ చేస్తే కౌంటీ క్లర్క్ తీసుకునే దాంట్లో రికార్డుల నిర్వహణకి 10 వరకు, ఆర్కైవ్‌కి ఇంకో 10 వరకు ఉంటాయి. ఈ దస్తావేజుల వైపు కూడా ఎగుడుదిగుళ్ళు చూశాం. 2020, 2021లో వడ్డీ తక్కువని అందరూ రీఫైనాన్స్ చేసుకుంటే ఆ ఖాతాలు నిండాయి. 2022 చివరికి వడ్డీ 7 శాతం దాటాక ఆ రద్దీ పోయింది. నిండిన ఏడాది చూసి పెద్ద ఒప్పందాలు చేసుకున్న ఆఫీసులకి తర్వాత టెన్షన్ తప్పలేదు.

స్కానింగ్ గురించి ఒక మాట, ఎందుకంటే హియరింగుల్లో దీన్ని చాలా తేలిగ్గా మాట్లాడతారు. స్కాన్ చేయడం చౌక, ఇండెక్సింగ్ ఖరీదు. పేజీ ఫొటో తీయడానికి సెకన్లు పడుతుంది. ఆ పేజీలో వాది ఎవరు, ప్రతివాది ఎవరు, కేసు నంబరు ఎంత, తేదీ ఎప్పుడు అని ఒక మనిషి చదివి టైపు చేయాలి. 1880ల నాటి కలిపిరాత అయితే అనుభవం ఉన్నవాళ్ళే చదవగలరు. ఇండెక్స్ లేని లక్ష బొమ్మలు ఉన్నా వెతుక్కునే మనిషికి ఏమీ దొరకదు. మీ కౌంటీ ప్రతిపాదనలో పేజీకి ఇంత అని ఒకే ధర ఉంటే, అందులో ఇండెక్సింగ్, తప్పులు సరిచూడటం, గుట్టుగా ఉంచాల్సినవి వేరుచేయడం ఉన్నాయా అని అడగండి.

అయిపోని పనికి కౌంటీ అసలు బడ్జెట్ నుంచే డబ్బు పెట్టాలి అని నేను ఎందుకు అంతగా అంటున్నానంటే, అది ఆగితే జరిగే నష్టం అంత పెద్దది. 2020 మే నెలలో టెక్సాస్ రాష్ట్ర కోర్టుల పరిపాలన కార్యాలయం మీదే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. 2001లో ఆలిసన్ తుఫాను, 2017లో హార్వీ హరికేన్ హ్యూస్టన్ కోర్టు భవనాలని ముంచాయి. రోజూ బ్యాకప్ తీసి దూరంగా ఇంకోచోట దాచడం, దాన్ని అప్పుడప్పుడూ నిజంగా తెరిచి చూడటం, ఇవి కేసులు ఎక్కువ పడ్డ ఏడాది చేసి తక్కువ పడ్డ ఏడాది మానేసే పనులు కావు.

ఇక డబ్బు అక్కడే ఖర్చవుతోందని ఎలా తెలుసుకోవాలి. కౌంటీ బడ్జెట్ పుస్తకం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో ప్రత్యేక ఆదాయ నిధులు అనే భాగం తీయండి. రికార్డుల నిర్వహణ ఖాతా పేజీలో మూడు చోట్ల చూడండి. మొదటిది, ఏడాది మొదట్లో నిల్వ ఎంత, చివర ఎంత. నిల్వ ఏటా పెరుగుతూ పోతుంటే పని జరగట్లేదని అర్థం. జాగ్రత్త పేరుతో డబ్బు దాచి, పుస్తకాలు పాడవనిచ్చిన ఆఫీసుని నేను చూశాను. అది కూడా ఫీజు కట్టినవాళ్ళకి చేసిన అన్యాయమే. రెండోది, జీతాలు. స్కానింగ్ చేసే గుమస్తా జీతం ఇందులోంచి ఇవ్వడం సబబే, కానీ ఆ మనిషి రోజంతా కౌంటర్లో కూర్చుంటే కాదు. మూడోది, వేరే నిధికి బదిలీలు. సాధారణ నిధికి ఏదైనా బదిలీ కనిపిస్తే అది దేనికోసమో కౌంటీ ఆడిటర్‌కి రాసి అడగండి. మర్యాదగా అడిగితే సమాధానం చెబుతారు. చెప్పకపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అర్జీ పెట్టండి, దానికి కారణం చెప్పనక్కర్లేదు.

ఖాతా విడిగా ఉన్నంత మాత్రాన దారి తప్పదనుకోకండి. ఫెడరల్ కోర్టుల కాగితాలని ఆన్‌లైన్‌లో చూపించే పేసర్ వ్యవస్థనే చూడండి. అక్కడ కేసు కాగితం చూడటానికి పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కి 3 డాలర్లకి మించదు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే కట్టక్కర్లేదు. ఆ డబ్బుని కోర్టు గదుల్లో తెరలు, స్పీకర్లకీ, జ్యూరర్ల వెబ్ వ్యవస్థకీ, ఇంకా కొన్నిటికీ వాడారని 2016లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు దావా వేశాయి. అలా వాడటానికి చట్టం ఒప్పుకోదని 2020లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. చివరికి 12 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీ జరిగి, 2024లో కోర్టు ఆమోదం పొందింది. అక్కడ కూడా వాడింది కోర్టు పనులకే. అయినా ఏ పేరుతో వసూలు చేశారో ఆ పనికే ఖర్చుపెట్టాలన్న గీత దాటినందుకే అంత దూరం వెళ్ళింది.

మన దగ్గర పద్ధతి పూర్తిగా వేరు. ఆంధ్రలో, తెలంగాణలో కోర్టు ఫీజు 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం, డబ్బు, ఆస్తి దావాల్లో ఎక్కువగా దావా విలువని బట్టి కడతాం. అది రాష్ట్ర ఖజానాలోకి వెళ్ళిపోతుంది, రికార్డులకి ఇంత అని విడదీయరు. కోర్టు ఫీజుకి, న్యాయ వ్యవస్థ మీద పెట్టే ఖర్చుకి సంబంధం ఉండాలని మన సుప్రీంకోర్టు 1972లో మద్రాసు ప్రభుత్వం, జెనిత్ ల్యాంప్ కేసులో చెప్పింది. లెక్రాయ్ తీర్పు వెనకున్న ఆలోచన కూడా ఇలాంటిదే. కానీ మన దగ్గర ఖాతాలు విడిగా లేవు. కంప్యూటర్ల డబ్బు ఎక్కువగా కేంద్రం నుంచి ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు ద్వారా వస్తుంది. 2007లో మొదటి దశ, 2015లో రెండోది, 2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలతో మూడో దశని ఆమోదించింది. అందులో 2,038.40 కోట్లు ఒక్క స్కానింగ్, డిజిటల్ భద్రతకే. 3,108 కోట్ల పేజీలు స్కాన్ చేయాలని అంచనా.

దీనివల్ల ఆదిలాబాద్ కోర్టులో ఎన్ని కేసులు పడ్డాయన్న దాని మీద అక్కడి కంప్యూటర్లు ఆధారపడవు. టెక్సాస్‌లోని చిన్న కౌంటీలకి లేని అదృష్టం ఇది. కానీ కోర్టులో లక్షలు ఫీజు కట్టిన కక్షిదారు, నకలు కోసం రోజుల తరబడి తిరుగుతూ, తన డబ్బు ఎక్కడికి పోయిందో ఏ పుస్తకంలోనూ చూడలేడు. మీరు బడ్జెట్ పుస్తకం తెరిచి 30 డాలర్ల పేజీ చూడగలరు. నన్ను ఎంచుకోమంటే, నడిపే ఖర్చు మన దగ్గరిలా అందరి పన్నులోంచి రావాలి, పాత రికార్డులని కాపాడే డబ్బు టెక్సాస్‌లోలా విడి ఖాతాలో కళ్ళముందు ఉండాలి అంటాను.

కేసు వేసేవాళ్ళ మీద ఈ భారం న్యాయమేనా అని అడిగారు కదా. 350 కట్టగలిగినవాళ్ళ దగ్గర 30 తీసుకోవడం నాకు తప్పుగా అనిపించదు, వాళ్ళ కాగితాలని దాచేది ఆ ఆఫీసే. కట్టలేనివాళ్ళని ఆపకూడదు. టెక్సాస్ సివిల్ ప్రొసీజర్ రూల్ 145 ప్రకారం, కోర్టు ఖర్చులు భరించే స్థోమత లేదని ఒక ప్రమాణ పత్రం నింపి ఇస్తే క్లర్క్ ఫీజు లేకుండానే కేసు తీసుకోవాలి. ఫారం సుప్రీంకోర్టు తయారుచేసిందే, ఉచితంగా దొరుకుతుంది. ఫుడ్ స్టాంపుల్లాంటి ప్రభుత్వ సాయం అందుతుంటే ఆ రుజువు జతచేస్తే సరిపోతుంది. మన సమాజంలో భర్త దగ్గర చిక్కుకుపోయి, చేతిలో సొంత డబ్బు లేని ఆడపిల్లలు "350 ఎక్కడ తేను" అని ఆగిపోయిన సందర్భాలు నాకు తెలుసు. దయచేసి ఈ ఒక్క విషయం తెలిసినవాళ్ళందరికీ చెప్పండి.

హియరింగ్‌లో మాట్లాడే అవకాశం వస్తే, సాధారణంగా మూడు నిమిషాలే ఇస్తారు, ఇవి అడగండి: కొత్త సాఫ్ట్‌వేర్ మొదటి ఏడాది ఖర్చు ఎంత, ఐదో ఏడాది ఎంత, ఆ ఐదో ఏడాది ఏ ఖాతాలోంచి వస్తుంది? డేటా మార్పిడికి ఒకసారి అయ్యే ఖర్చుని రికార్డుల ఖాతా నుంచి, ఏటా కట్టే లైసెన్సుని సాధారణ నిధి నుంచి తీయగలరా? రేపు కంపెనీ మారాలంటే మన రికార్డులన్నీ అందరూ తెరవగలిగే ఫార్మాట్‌లో, అదనపు రుసుము లేకుండా తిరిగి ఇస్తారని ఒప్పందంలో రాశారా? ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. సంతకం అయ్యాక అడిగితే కంపెనీ చెప్పిందే ధర.

మీ కౌంటీ బడ్జెట్‌లో ఆ నిధి పేజీ ఇక్కడ పెడితే చూసి నాకు తెలిసింది చెబుతాను.